పగిలిన ఫోన్ అమ్మేముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. ఫోన్ కిందపడి తెర పగిలింది, లేదా టచ్ పోయింది, లేదా నీళ్లలో పడి అసలు లేవడం లేదు. బాగుచేయించడం దండగ, ఎంతకో కొంతకు అమ్మేద్దామంటే లోపలున్న ఫొటోలు, బ్యాంకు వివరాలు ఏమవుతాయోనని భయం. ఒకే తరహా ప్రశ్నల్లోంచి ఒక్కొక్కటి తీసుకుని జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా వీధిలోకి మైకు పెట్టుకుని బండి వస్తుంది. పగిలిపోయిన ఫోన్ ఇస్తే ప్లాస్టిక్ డబ్బానో, స్టీలు గిన్నెనో ఇస్తారు. ఆన్ కాని ఫోన్ నాకెందుకు? ఇచ్చేస్తే వచ్చే నష్టమేంటి?
– గృహిణి, ఖమ్మం

జవాబు: ఇవ్వకండమ్మా. ముందు మీ సమాచారం ఫోన్‌లో ఎక్కడుంటుందో చెబుతాం, ఎందుకు వద్దంటున్నామో మీకే అర్థమవుతుంది.

తెర కేవలం చూపించడానికే. ఫొటోలు, వాట్సాప్ సందేశాలు, నంబర్లు ఉండేది లోపలి మదర్‌బోర్డు మీద. దాని మీద పల్చటి రేకు మూత, ఆ మూత కింద గోరంత నల్లటి చిప్. పెట్టె మీద 64 జీబీ, 128 జీబీ అని వేసేది దీని గురించే. ఫోన్ పడినప్పుడు ముందు పోయేది డిస్‌ప్లే. తర్వాత చార్జింగ్ పోర్టు, బ్యాటరీ. చిప్ మాత్రం చాలాసార్లు చెక్కుచెదరదు. మీరు ‘చచ్చిపోయింది’ అనుకున్న ఫోన్‌కు చార్జింగ్ సబ్‌బోర్డు మార్చినా, కొత్త బ్యాటరీ పెట్టినా లేచి కూర్చోవచ్చు. దానికి స్క్రీన్ లాక్ లేకపోతే నేరుగా మీ గ్యాలరీ తెరుచుకుంటుంది. ఆధార్, పాన్, పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో తీసి గ్యాలరీలో పెట్టుకోని ఇల్లు ఈరోజుల్లో ఎక్కడుంది?

రెండోది, బోర్డుతోపాటు దాని ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) కూడా వెళ్లిపోతుంది. ఆ నంబరుతో రేపు ఏదైనా మోసం జరిగితే, గతంలో ఆ ఫోన్‌లో ఏ సిమ్ వాడారో దర్యాప్తులో చూస్తారు. 2024 ఆగస్టులో రామగుండం సైబర్ క్రైమ్ పోలీసులు ఇలా ఊళ్లు తిరిగి సేకరించిన సుమారు 4,000 పాత ఫోన్లను పట్టుకున్నారు. అవి జార్ఖండ్‌లోని జామ్‌తారా వైపు సైబర్ మోసగాళ్లకు చేరేవని పోలీసులు చెప్పారు. బండి మీద వచ్చే ప్రతి మనిషీ దొంగ అని మేం అనం. పొట్టకూటి కోసం తిరిగేవాళ్లే ఎక్కువ. కానీ ఆ ఫోన్ వాళ్ల చేతి నుంచి ఎవరి చేతికి పోతుందో వాళ్లకూ తెలియదు, మీ దగ్గర రసీదూ ఉండదు. వచ్చేది ఒక గిన్నె. దానికోసం ఇంత దూరం వద్దు.

ప్రశ్న: నా ఫోన్‌లో బొమ్మ బాగానే కనిపిస్తోంది, టచ్ మాత్రం పనిచేయదు. కొత్త డిస్‌ప్లే వేయించే స్తోమత లేదు. లోపలిది తుడిచేసి అమ్మాలంటే ఎలా?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: పగిలిన ఫోన్లలో అన్నిటికంటే తేలికైన కేసు మీదే. ఒక ఓటీజీ అడాప్టర్ (ఫోన్‌కు యూఎస్‌బీ వస్తువులు తగిలించే చిన్న ముక్క), ఒక మామూలు యూఎస్‌బీ మౌస్ ఉంటే చాలు. అడాప్టర్‌ను ఫోన్ చార్జింగ్ పోర్టుకు పెట్టి, మౌస్ దానికి తగిలించండి. తెర మీద బాణం గుర్తు వస్తుంది. ఎడమ క్లిక్ మీ వేలితో సమానం. ప్యాటర్న్ లాక్ అయితే ఎడమ బటన్ నొక్కి పట్టుకుని గీయాలి. బ్లూటూత్ మౌస్ పనికిరాదు, దాన్ని జత చేయడానికే టచ్ కావాలి.

రెండు చోట్ల చిక్కు వస్తుంది. ఒకటి, పోర్టులో మౌస్ ఉన్నంతసేపు చార్జింగ్ ఎక్కదు. కాబట్టి మొదలుపెట్టేముందే బాగా చార్జ్ చేసుకోండి. రెండు, ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్, వివో ఫోన్లలో ‘ఓటీజీ కనెక్షన్’ అనే మీట సెట్టింగ్స్‌లో విడిగా ఉంటుంది. చాలా మోడళ్లలో అది పది నిమిషాలు వాడకపోతే తనంతట తానే ఆగిపోతుంది. టచ్ పోయాక దాన్ని ఆన్ చేయలేరు. మౌస్ పెట్టినా బాణం రాకపోతే అడాప్టర్ పాడైందనుకోకండి, కారణం ఈ మీటే కావొచ్చు. అలాంటప్పుడు తర్వాతి జవాబులో చెప్పిన టెస్టింగ్ డిస్‌ప్లే దారి పట్టండి. తెర తనంతట తానే ఎక్కడంటే అక్కడ నొక్కుకుంటున్నా అదే దారి. లేకపోతే అది తప్పు పిన్‌లు కొట్టీ కొట్టీ ఫోన్‌ను గంటల తరబడి లాక్ చేసేస్తుంది.

బాణం వచ్చిందా, ఇక వరస తప్పకుండా చేయండి. ముందు ఫొటోలు బయటకు తీయాలి. రెండు పోర్టులున్న చిన్న టైప్‌-సి హబ్ దొరికితే ఒకదానికి మౌస్, ఇంకోదానికి పెన్‌డ్రైవ్ పెట్టి కాపీ చేసుకోవచ్చు. తర్వాత సెట్టింగ్స్‌లో ‘పాస్‌వర్డ్స్ అండ్ అకౌంట్స్’లోకి వెళ్లి గూగుల్ ఖాతాను తీసేయండి. శాంసంగ్ అయితే శాంసంగ్ ఖాతా, రెడ్‌మీ, పోకో అయితే షావోమీ ఖాతా కూడా తీసేయాలి. ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్, అంటే లోపలున్నదంతా చెరిపి ఫోన్‌ను కొత్తదానిలా చేయడం. శాంసంగ్‌లో ఇది ‘జనరల్ మేనేజ్‌మెంట్’ కింద ‘రీసెట్’లో, రెడ్‌మీలో ‘అబౌట్ ఫోన్’లో, మోటొరోలా, పిక్సెల్ లాంటి వాటిలో ‘సిస్టమ్’ కింద ‘రీసెట్ ఆప్షన్స్’లో ఉంటుంది. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన వెతికే చోట ‘రీసెట్’ అని కొట్టండి.

రీసెట్ అయ్యాక ఫోన్ కొత్తదానిలా స్వాగతం పలుకుతుంది. అక్కడితో వదిలేయకండి. వైఫై కలిపి రెండు తెరలు ముందుకు వెళ్లి చూడండి. కొత్త ఖాతా అడిగితే పని పూర్తయినట్టు, ఖాతా ఏదీ పెట్టకుండా అక్కడే స్విచ్చాఫ్ చేసి అమ్మండి. పాత పిన్ కొట్టమనో, ‘ఇంతకుముందు ఈ ఫోన్‌లో ఉన్న ఖాతాతో ధ్రువీకరించండి’ అనో అడిగితే గూగుల్ తాళం (పాత యజమాని తప్ప ఇంకెవరూ ఫోన్ వాడకుండా ఆపేది) ఇంకా ఉన్నట్టే. ఖాతా ఏదీ పెట్టకుండా అక్కడే స్విచ్చాఫ్ చేసి అమ్మండి.

ప్రశ్న: ఫోన్ చేస్తే మోగుతుంది, వైబ్రేట్ అవుతుంది. తెర మాత్రం కటిక నలుపు. ఏమీ కనిపించకుండా ఎలా తుడవాలి?
– ఉపాధ్యాయుడు, నంద్యాల

జవాబు: మాస్టారూ, ముందుగా ఒక్క మాట: దాన్ని ఆపకండి, చార్జర్‌కు తగిలించి ఉంచండి. ఇప్పుడు ఆ ఫోన్ మీ వైఫైలో ఉంది, మీ గూగుల్ ఖాతాలో ఉంది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే పిన్ కొట్టేదాకా లోపలి సమాచారం చాలావరకు తాళంలోనే ఉంటుంది, కొన్ని యాప్‌లు అసలు మొదలుకావు. ఐఫోన్ అయితే అన్‌లాక్ చేసేదాకా వైఫైకి కూడా కలవదు.

అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి టెస్టింగ్ కాంబో. డిస్‌ప్లే, టచ్ కలిపి ఉండే ముక్కను మెకానిక్‌లు కాంబో అంటారు. రద్దీగా ఉండే రిపేరు షాపుల్లో బాగా అమ్ముడయ్యే మోడళ్లకు పరీక్ష కోసం ఒక కాంబో విడిగా పెట్టుకుంటారు. వెనక మూత వేడిచేసి తీసి, బ్యాటరీ కనెక్టరు ఊడదీసి, పాత డిస్‌ప్లే రిబ్బన్ తప్పించి, ఆ టెస్టింగ్ కాంబో రిబ్బన్ క్లిప్పులో నొక్కుతారు. అతికించరు, పక్కన వేలాడుతూ ఉంటుంది. మీరు అడగాల్సింది: “డిస్‌ప్లే మార్చొద్దు, టెస్టింగ్ కాంబో పెట్టి పావుగంట ఆన్ చేసివ్వండి, రీసెట్ చేసుకుంటాను.” దీనికి కూలి ఇస్తే సరిపోతుంది, డిస్‌ప్లే ఖరీదు పడదు. బ్యాటరీ కనెక్టరు తీసిపెడతారు కాబట్టి ఫోన్ మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతుంది. అప్పుడు వేలిముద్ర తీసుకోదు, పిన్ లేదా ప్యాటర్న్ కొట్టాల్సిందే. ఎప్పుడూ వేలిముద్రతో తెరిచేవాళ్లు పిన్ మర్చిపోయి అక్కడ ఇరుక్కుంటారు, గుర్తు తెచ్చుకుని వెళ్లండి. పిన్ మీరే కొట్టండి, కాగితం మీద రాసివ్వొద్దు. మిగతా వరస వరంగల్ విద్యార్థికి చెప్పినదే.

టీవీకి కలపొచ్చు కదా అని కొందరు రాశారు. టైప్‌-సి పోర్టు నుంచి బొమ్మ బయటకు పంపే ఫోన్లు తక్కువ. శాంసంగ్ గెలాక్సీ ఎస్8 నుంచి ఎస్ సిరీస్, నోట్ సిరీస్ ఫోన్లు పంపుతాయి. వాటికి హెచ్‌డీఎంఐ ఉన్న హబ్ పెట్టి, దానికే మౌస్ తగిలిస్తే టీవీ మీద చూస్తూ అంతా చేసుకోవచ్చు. బడ్జెట్ ఫోన్లలో దాదాపు అన్నీ పంపవు. హబ్ కొనేముందు మీ మోడల్‌కు ఆ సౌకర్యం ఉందో లేదో చూసుకోండి, లేకపోతే డబ్బు వృథా.

ఇక దూరం నుంచి తుడవడం. ఇంకో ఫోన్‌లోనో, కంప్యూటర్‌లోనో అదే గూగుల్ ఖాతాతో ‘ఫైండ్ హబ్’ తెరవండి. ఇంతకుముందు దీని పేరు ఫైండ్ మై డివైస్. మీ ఫోన్‌ను ఎంచుకుని ‘ఫ్యాక్టరీ రీసెట్’ నొక్కాలి. ఫోన్ ఆన్‌లో ఉండి, నెట్‌కు కలిసి ఉండాలి. నెట్ లేకపోతే ఆదేశం కాచుకుని ఉండి, నెట్ తగిలిన క్షణంలో పని మొదలవుతుంది. ఇక్కడ చాలామంది తడబడేది లాగిన్ దగ్గర. గూగుల్ ‘మీ ఫోన్‌లో అవును అని నొక్కండి’ అంటుంది, ఆ ఫోన్ తెర నలుపు! అప్పుడు ‘వేరే పద్ధతి’ ఎంచుకుని ఎస్‌ఎంఎస్ కోడ్ అడగండి. సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకుంటే కోడ్ అందులోకి వస్తుంది. పగిలిన ఫోన్ వైఫై మీద ఉంటుంది కాబట్టి సిమ్ లేకపోయినా పరవాలేదు.

తుడిచిందో లేదో నల్లటి తెరలో ఎలా తెలుస్తుంది? రీసెట్ అయిన ఫోన్ వైఫై పాస్‌వర్డ్ మర్చిపోతుంది. మీ రౌటర్ (వైఫై పెట్టె) సెట్టింగ్స్ పేజీలో కలిసి ఉన్న పరికరాల జాబితా చూడండి. ఆదేశం పంపాక ఆ ఫోన్ పేరు మాయమై, అరగంట తర్వాత కూడా తిరిగి రాకపోతే పని అయినట్టే అనుకోవచ్చు. బ్యాటరీ అయిపోయినా అలాగే మాయమవుతుంది, చార్జర్ తీయొద్దన్నది అందుకే.

పవర్, వాల్యూమ్ మీటలు నొక్కి రికవరీ మెనూలోకి వెళ్లి గుడ్డిగా రీసెట్ చేసే చిట్కా వీడియోల్లో కనిపిస్తుంది. మేం వద్దంటాం. మెనూలో వరసలు ఒక్కో కంపెనీకి ఒక్కో రకం, ఎన్నోదాని మీద ఉన్నారో కనపడదు. ఒకవేళ తుడిచినా గూగుల్ తాళం మాత్రం ఊడదు.

ప్రశ్న: ఫైండ్ హబ్ నుంచి తుడిచేసి ఫోన్ అమ్మాను. కొన్నతను డిస్‌ప్లే వేయించుకుని, ‘మీ జీమెయిల్ పాస్‌వర్డ్ అడుగుతోంది, చెప్పండి’ అని రోజూ ఫోన్ చేస్తున్నాడు. చెప్పొచ్చా?
– రైతు, రాజమహేంద్రవరం దగ్గర

జవాబు: చెప్పొద్దు. ఆయన అబద్ధమాడుతున్నాడని కాదు, నిజంగానే అడుగుతుంది. దూరం నుంచి గానీ, రికవరీ నుంచి గానీ తుడిస్తే ఫోన్ పాత యజమానిని గుర్తుపెట్టుకుంటుంది. దొంగల చేతికి పనికిరాకుండా ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఈ తాళం ఉంది. దాన్ని తీయాలంటే ఆ ఫోన్‌లోనే మీ ఖాతాతో ఒకసారి లోపలికి వెళ్లాలి.

ఆయన్ను ఫోన్ తీసుకుని మీ దగ్గరకు రమ్మనండి. మీ చేత్తో మీరే పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లండి, వెంటనే సెట్టింగ్స్‌లో ఖాతా తీసేసి, అక్కడి నుంచే మళ్లీ రీసెట్ చేసి ఇవ్వండి. ఈ మధ్యనే పాస్‌వర్డ్ మార్చి ఉంటే గూగుల్ 24 గంటలు ఆగమనొచ్చు. దూరంగా ఉన్నాడు, రాలేనంటే డబ్బు వెనక్కిచ్చి ఫోన్ తెచ్చుకోవడం మేలు. ఓటీపీ వచ్చింది చెప్పండి అన్నా చెప్పకండి. మీ జీమెయిల్ అంటే మీ ఫొటోలు, కాంటాక్టులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, మిగతా అన్ని పాస్‌వర్డ్‌లు మార్చుకునే తాళంచెవి.

ప్రశ్న: అమెరికాలో ఉండే మా అబ్బాయి వాడి ఇచ్చిన ఐఫోన్. కింద పడి తెర పోయింది. అమ్మే ముందు ఏం చేయాలి?
– రిటైర్డ్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ముందు ఆ ఫోన్ ఎవరి ఆపిల్ ఖాతాలో ఉందో కనుక్కోండి. అబ్బాయి ఖాతాలోనే ఉంటే ఈ పని అక్కడి నుంచి తనే చేయాలి, ఫోన్ మీ చేతిలో ఉన్నా సరే.

ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లో ‘ఫైండ్ డివైసెస్’ తెరిచి, ఆ ఐఫోన్‌ను ఎంచుకుని ముందు ‘ఇరేజ్’. అది పూర్తయ్యాక ‘రిమూవ్ ఫ్రమ్ అకౌంట్’. ఈ వరస తిరగేస్తే చిక్కు: ముందే ఖాతాలోంచి తీసేస్తే ఇక దూరం నుంచి తుడవలేరు, సమాచారం లోపలే ఉండిపోతుంది. తుడిచి ఖాతాలోంచి తీయకపోతే యాక్టివేషన్ లాక్ (పాత యజమాని ఆపిల్ ఖాతా లేకుండా తెరుచుకోనివ్వని తాళం) ఉండిపోయి, కొన్నవాళ్లకు అది స్పేర్ పార్టులకు తప్ప పనికిరాదు, ధర బాగా పడిపోతుంది.

నెట్‌కు కలవకపోతే కంప్యూటర్‌కు కేబుల్ పెట్టి రికవరీ మోడ్‌లో ‘రీస్టోర్’ చేయండి. ఐఫోన్ 8, ఆ తర్వాతి మోడళ్లకు వాల్యూమ్ పెంచే మీట ఒకసారి నొక్కి వదిలి, తగ్గించేది నొక్కి వదిలి, పక్క మీటను కంప్యూటర్‌లో సందేశం వచ్చేదాకా పట్టుకోవాలి. తెర కనపడకపోయినా ఏం జరుగుతోందో కంప్యూటర్ చెబుతుంది. ఆ తర్వాత ఐక్లౌడ్‌లో ఖాతా నుంచి తీసేస్తే సరి. ఐఫోన్‌లో తుడవడమంటే లోపలి తాళంచెవిని నాశనం చేయడమే. మిగిలిన రాతను ఎవరూ చదవలేరు, కాబట్టి దాని గురించి దిగులు అక్కర్లేదు.

ప్రశ్న: వానలో తడిసి ఫోన్ పూర్తిగా పోయింది. చార్జింగ్ లేదు, ఏ స్పందనా లేదు. మార్కెట్‌లో స్క్రాప్ కింద కొంటామంటున్నారు. చిప్ ఊడదీసి డేటా తీస్తారని విన్నాను, నిజమేనా?
– చిరువ్యాపారి, కాకినాడ

జవాబు: చిప్ ఊడదీసి చదవడం నిజంగానే ఉంది. అందులో మీ ఫొటోలు దొరుకుతాయా అన్నది మాత్రం రెండు విషయాల మీద ఆధారపడుతుంది: ఫోన్ ఏ కాలంది, మీరు లాక్ పెట్టారా లేదా.

ఆండ్రాయిడ్ 10తో గానీ, ఆ తర్వాతి వెర్షన్‌తో గానీ మార్కెట్‌లోకి వచ్చిన ఫోన్లన్నిటిలో సమాచారం గుప్తలిపిలో ఉండి తీరాలి, అంటే ఎన్‌క్రిప్షన్. దాన్ని విప్పే తాళంచెవి ప్రాసెసర్ లోపల ఉండే రహస్యం, మీ పిన్ రెండూ కలిస్తేనే తయారవుతుంది. చిప్‌ను ఊడదీసి వేరే యంత్రానికి పెడితే కనిపించేది చెత్త అక్షరాలే. అయితే మెకానిక్ చిప్ ఊడదీయక్కర్లేదు. తడిసిన బోర్డును శుభ్రం చేసి, షార్టయిన చిన్న భాగం మార్చి, అదే బోర్డును బతికిస్తే ప్రాసెసరూ అక్కడే, చిప్పూ అక్కడే. ఇక అడ్డం ఉండేది మీ స్క్రీన్ లాక్ ఒక్కటే. లాక్ లేని ఫోన్‌కు ఎన్‌క్రిప్షన్ ఉన్నా లేనట్టే, ఆన్ కాగానే తెరుచుకుంటుంది. నాలుగంకెల పిన్‌కు 10,000 అవకాశాలు, ఆరంకెలకు 10 లక్షలు. తప్పు కొట్టేకొద్దీ ఫోన్ ఆగే సమయం పెంచుకుంటూ పోతుంది కాబట్టి ఆరంకెల పిన్‌ను ఊహించి పట్టుకోవడం చాలా కష్టం. పుట్టిన సంవత్సరం, 1234, ఎల్ ఆకారం ప్యాటర్న్ పెట్టుకుంటే ఈ లెక్కలేవీ కాపాడవు.

కాబట్టి ఇలా తేల్చుకోండి. ఫోన్ ఈ ఐదారేళ్లలో వచ్చిందై, మంచి పిన్ ఉండి, మెమొరీ కార్డు తీసేసి ఉంటే అమ్మొచ్చు. అమ్మేముందు ఫైండ్ హబ్‌లో తుడిచే ఆదేశం పెట్టి ఉంచండి, ఎవరైనా బతికించి నెట్‌కు కలిపితే అప్పుడు తుడిచే అవకాశం ఉంటుంది. లాక్ లేకపోయినా, పాత ఫోన్ అయినా బోర్డు అమ్మకండి. స్క్రాప్ కొనేవాళ్లకు కెమెరా, బాడీ, స్పీకర్, వెనక మూతకూ ధర ఉంటుంది. “బోర్డు లేకుండా ఎంతిస్తారు?” అని అడగండి, మీ కళ్లముందే విప్పించి బోర్డు జేబులో వేసుకోండి. ధర బాగా తగ్గుతుంది. తగ్గినా మా సలహా ఇదే.

ఆ బోర్డును ఏం చేయాలి? సుత్తితో కొడితే బోర్డు వంగుతుంది గానీ చిప్ బతికిపోవచ్చు. అయస్కాంతం దీనిమీద పనిచేయదు, అది పాత హార్డ్‌డిస్కుల సంగతి. కాలిస్తే విషపు పొగ, ఆ పని అసలు వద్దు. సరైన పద్ధతి డ్రిల్లు. బ్యాటరీ పూర్తిగా వేరుచేసి దూరంగా పెట్టాక, బోర్డును చెక్క మీద బిగించి, రేకు మూతలు పట్టకారుతో లేపండి. స్టోరేజ్ చిప్ సుమారు 11.5 మిల్లీమీటర్ల వెడల్పు, 13 మిల్లీమీటర్ల పొడవుంటుంది. ఏది ఏదో పోల్చుకోలేకపోతే ఆ పరిమాణంలో ఉన్న పెద్ద చిప్‌లన్నిటికీ 3 మిల్లీమీటర్ల బిట్‌తో మూడు నాలుగు రంధ్రాలు ఆరపారా వేయండి. లేచే పొడిలో గాజు పీచు ఉంటుంది, కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఫోన్‌ను మీరు విప్పకండి, మెకానిక్‌తో తీయించండి. బ్యాటరీకి డ్రిల్లు గానీ స్క్రూడ్రైవర్ గానీ గుచ్చుకుంటే మంట లేస్తుంది. ముక్కలను చెత్తకుండీలో కాకుండా ఈ-వేస్ట్ తీసుకునే కేంద్రానికి ఇవ్వండి.

ప్రశ్న: మెమొరీ కార్డును ఫార్మాట్ చేసి ఫోన్‌తోపాటు ఇచ్చేశాను. ఫరవాలేదా?
– ఫొటో స్టూడియో, తెనాలి

జవాబు: ఇవ్వకుండా ఉండాల్సింది. ఫోన్ లోపలి సమాచారానికి ఉన్న ఎన్‌క్రిప్షన్ కార్డుకు మామూలుగా ఉండదు. త్వరగా అయిపోయే ఫార్మాట్ పుస్తకంలో విషయసూచిక చింపేయడం లాంటిది, పేజీలు అలాగే ఉంటాయి. ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఫొటోలు వెనక్కి వస్తాయి. మీ స్టూడియోలో కస్టమర్ల ఫొటోలున్న కార్డయితే వీలైనంత త్వరగా తిరిగి తెచ్చుకోండి, కొత్త కార్డు కొనిచ్చి అయినా సరే. ఇకమీదట కార్డు ఎప్పుడూ మీ దగ్గరే ఉంచుకోండి. దూరం నుంచి ఫోన్‌ను తుడిచినా కార్డు తుడుచుకుపోతుందన్న నమ్మకం లేదు.

ప్రశ్న: ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు యాప్ పగిలిన ఫోన్‌లోనే ఉండిపోయాయి. డబ్బు పోతుందా? ముందు పాస్‌వర్డ్‌లన్నీ మార్చేయనా?
– నర్సు, గుంటూరు

జవాబు: పాస్‌వర్డ్ మార్చడం చివరి పని, మొదటిది కాదు. గూగుల్ పాస్‌వర్డ్ మార్చినా, ఖాతాలో ‘యువర్ డివైసెస్’లోంచి ఆ ఫోన్‌ను సైన్ అవుట్ చేసినా దానికీ ఖాతాకూ తెగిపోతుంది. అప్పుడు ఫైండ్ హబ్ నుంచి తుడవలేకపోవచ్చు. కంగారులో చాలామంది చేసే పొరపాటు ఇదే. ముందు తుడవండి, తుడిచిందని రూఢి అయ్యాక సైన్ అవుట్ చేసి పాస్‌వర్డ్ మార్చండి.

యూపీఐ సంగతి: మీ యూపీఐ పిన్ ఫోన్‌లో నిల్వ ఉండదు, అది తెలియకుండా డబ్బు కదలదు. యూపీఐ మీ సిమ్‌కు, ఫోన్‌కు కలిపి కట్టి ఉంటుంది. సిమ్ తీసి కొత్త ఫోన్‌లో వేసి, అందులో యూపీఐ యాప్‌లు, బ్యాంకు యాప్ మళ్లీ రిజిస్టర్ చేయండి. పాత ఫోన్ కట్టు తెగిపోతుంది. ఈ పని పూర్తికాకుండా పాత ఫోన్ చేయి దాటనివ్వకండి. ఇ-సిమ్ వాడుతుంటే అది ఫోన్‌లోనే ఉంటుంది, ఊడదీసేది కాదు. మీ నెట్‌వర్క్ కంపెనీని అడిగి కొత్త ఫోన్‌కు మార్పించుకోండి.

వాట్సాప్‌ను కొత్త ఫోన్‌లో తెరవగానే పాతదాంట్లో లాగవుట్ అవుతుంది. అంతటితో నిశ్చింతగా ఉండకండి. వచ్చిన ఫొటోలు, ఆడియోలు, రోగుల రిపోర్టులు పాత ఫోన్ ఫోల్డర్‌లో మామూలు ఫైళ్లుగా అలాగే పడి ఉంటాయి. వాటికి రీసెట్ ఒక్కటే మందు. ఎప్పుడైనా తెలియని లావాదేవీ కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు చెప్పండి.

ప్రశ్న: అమ్మడం మానుకుని బాగుచేయిద్దామనుకున్నాం. షాపతను ఫోన్ రెండు రోజులు ఉంచి, పిన్ కూడా రాసిమ్మంటున్నాడు.
– దంపతులు, కరీంనగర్

జవాబు: డిస్‌ప్లే, బ్యాటరీ, చార్జింగ్ పోర్టు మార్చడానికి పిన్ అక్కర్లేదు. టచ్, కెమెరా పరీక్షించడానికి అడుగుతారు, ఆ సమయానికి మీరే వెళ్లి తెరవండి. శాంసంగ్‌లో వన్ యూఐ 5 (ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ వెర్షన్) నుంచి చాలా మోడళ్లకు ‘మెయింటెనెన్స్ మోడ్’ ఉంది. పిక్సెల్‌లో ‘రిపేర్ మోడ్’. దాన్ని ఆన్ చేస్తే ఫోన్ ఖాళీ ఫోన్‌లా కనిపిస్తుంది, మెకానిక్ అన్నీ పరీక్షించుకోవచ్చు, మీ ఫొటోలు, ఖాతాలు కనపడవు. వెనక్కి తేవడానికి మీ లాక్ కావాలి. టచ్ పనిచేస్తున్నప్పుడే పెట్టాలి లేదా మౌస్‌తో పెట్టాలి.

ప్రశ్న: కొనే షాపువాళ్లు ఆధార్ జిరాక్స్ అడిగారు. ఇవ్వాలా?
– పాఠకురాలు, అనంతపురం

జవాబు: దొంగ ఫోన్ కాదని వాళ్లూ చూసుకోవాలి, అడగడంలో తప్పులేదు. ఆధార్ వెబ్‌సైట్ నుంచి చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దింపుకుని, దానిమీద అడ్డంగా ‘ఫలానా ఫోన్ అమ్మకానికి మాత్రమే’ అని, తేదీ వేసి ఇవ్వండి. వాళ్ల నుంచి మీరూ రసీదు తీసుకోండి: మోడల్, ఐఎంఈఐ, తేదీ, ‘పగిలిన స్థితిలో’ అన్న మాట, షాపు ముద్ర. తెర పోయి *#06# కొట్టలేకపోతే ఐఎంఈఐ పాత బిల్లు మీద, పెట్టె మీద ఉంటుంది.

ప్రశ్న: 2013 నాటి ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి బీరువాలో ఉంది. తెర మూల పగిలింది గానీ పనిచేస్తుంది. రీసెట్ చేస్తే చాలా?
– పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఆ కాలపు ఫోన్లకు చాలదు. 2015లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆండ్రాయిడ్ 2.3 నుంచి 4.3 దాకా ఉన్న 21 ఫోన్లను రీసెట్ చేసి చూస్తే చెరిగిపోవాల్సిన సమాచారం వెనక్కి తీయగలిగారు. మీరు చేయాల్సింది: ముందు ఒక పిన్ పెట్టి, సెట్టింగ్స్‌లో ‘సెక్యూరిటీ’ కింద ‘ఎన్‌క్రిప్ట్ ఫోన్’ నొక్కండి. బ్యాటరీ బాగా నిండి, చార్జర్ తగిలించి ఉంటేనే మొదలవుతుంది. గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది, మధ్యలో ఆపితే లోపలున్నది పాడైపోవచ్చు, కాబట్టి కావలసిన ఫొటోలు ముందే తీసి పెట్టుకోండి. అది పూర్తయ్యాక రీసెట్ చేయండి. పాత బ్యాటరీ అంతసేపు నిలవకపోతే అమ్మే ఆలోచన మానుకుని, కాకినాడ పాఠకుడికి చెప్పినట్టు బోర్డుకు డ్రిల్లు పెట్టండి.